ఒక లాక్, పదహారు కోర్లు, కదలని యంత్రం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఎనిమిది ఛానెళ్ల నుంచి డేటా తెచ్చే ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుకు మీరు లైనక్స్ డ్రైవర్ (ఆ కార్డును నడిపే కోడ్) రాశారు. యంత్రానికి పదహారు కోర్లు, అంటే ఒకేసారి వేర్వేరు పనులు చేయగల పదహారు ప్రాసెసర్ భాగాలు. రెండు ఛానెళ్లు తెరిచినంతవరకు అంతా బాగుంది. ఎనిమిదీ తెరిచేసరికి సున్నా నంబరు కోర్ పూర్తిగా నిండిపోతోంది, చాలా కోర్లు స్పిన్‌లాక్ (ఉమ్మడి డేటాను ఒకసారికి ఒక్కరికే ఇచ్చే లాక్, దొరికేదాకా కోర్ వేరే పనికి పోకుండా చూస్తూనే ఉంటుంది) ఫంక్షన్‌లో తిరుగుతూ కనిపిస్తున్నాయి, లాగ్‌లో ఐదో నంబరు కోర్ 22 సెకన్లుగా ఇరుక్కుపోయిందంటూ సాఫ్ట్ లాకప్ సందేశం వస్తోంది. డ్రైవర్‌లో ఉన్న ఒకే ఒక్క స్పిన్‌లాక్‌ను రీడర్-రైటర్ లాక్‌గా (చదివేవారిని ఒకేసారి ఎందరినైనా, రాసేవారిని ఒక్కరినే రానిచ్చే లాక్) మారిస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. ఇంకాస్త పాడయ్యే అవకాశమే ఎక్కువ.

మీ కోడ్ నడిచే క్రమం చూడండి. కార్డు ఇంటరప్ట్ (కోర్ పనిని ఆపించే సంకేతం) పంపగానే ఇంటరప్ట్ హ్యాండ్లర్ కార్డుకు బదులు చెప్పి, మిగతా పని కోసం టాస్క్‌లెట్‌ను (కాసేపటికి నడిచేలా వాయిదా వేసిన ఫంక్షన్) పిలుస్తుంది. టాస్క్‌లెట్ లాక్ తీసుకుని, కార్డు రింగులన్నీ (కార్డు డేటా నింపే గుండ్రటి వరుసలు) ఖాళీ అయ్యేదాకా లూపులో ఒక్కో బ్లాకునూ బఫర్‌లోకి కాపీ చేసి, అంతా అయ్యాకే లాక్ వదులుతుంది. డేటా చదవడానికి వచ్చే ఎనిమిది ప్రోగ్రాములూ అదే లాక్ కోసం నిలబడతాయి. ఇందులో రెండు జబ్బులు కలిసి ఉన్నాయి. ఒకటి తోపులాట: అందరికీ ఒకే లాక్ కావాలి. రెండోది ఆకలి: ఒక కోర్ ఒకే పనిలో మునిగిపోయి బయటికి రాదు, దాని మీద నడవాల్సిన మిగతా పనులకు వంతు రాదు. ఒకదాన్నొకటి పెంచుకుంటాయి గానీ వాటి మందులు వేరు.

ముందు ఆ లాగ్ సందేశాన్ని సరిగ్గా చదవాలి. చాలామంది అక్కడే దారి తప్పుతారు. లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో కోర్లు ఇరుక్కుపోయాయా అని చూసే వాచ్‌డాగ్ ఉంటుంది. దాని హద్దు మామూలుగా 10 సెకన్లు. దానికి రెట్టింపు, అంటే 20 సెకన్లు, ఒక కోర్ మీద షెడ్యూలర్‌కు (ఏ పని ఎప్పుడు నడవాలో నిర్ణయించే భాగం) అవకాశమే దొరక్కపోతే సాఫ్ట్ లాకప్ అని రాస్తుంది. ఆ తనిఖీ కొన్ని సెకన్లకోసారి జరుగుతుంది కనుక 22, 23 లాంటి అంకెలు కనిపిస్తాయి. ఇంటరప్టులు కూడా మూసుకుని 10 సెకన్లు దాటితే అది హార్డ్ లాకప్. మీ లాగ్‌లో పేరెక్కిన ఐదో నంబరు కోర్ దోషి కాదు, బాధితుడు. లాక్ అనగానే మనకు తాళం గుర్తొస్తుంది గానీ, స్పిన్‌లాక్ తాళం లాంటిది కాదు. ఉమ్మడి కుటుంబంలో స్నానాల గదికి లోపలి నుంచి పెట్టే గడియ లాంటిది. బయటివాడు ఈలోగా వేరే పని చూసుకోడు, చెంబు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడతాడు. మీ లాగ్ ఆ నిలబడ్డవాడి పేరు రాసింది. గడియ పెట్టుకున్నవాడు సున్నా నంబరు కోర్ మీద ఉన్నాడు. కెర్నెల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూలో ‘ఎల్’ ఆదేశం ఇస్తే పనిలో ఉన్న కోర్లన్నిటి స్టాక్‌లూ (ఏ కోర్ ఏ ఫంక్షన్‌లో ఉందో చూపే జాబితాలు) లాగ్‌లోకి వస్తాయి. అందులో స్పిన్‌లాక్ ఫంక్షన్‌లో లేని కోర్ ఏదో చూడండి, మీకు కావలసినవాడు దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతాడు.

ఇక లెక్క. మీరు ఇచ్చిన వివరం ప్రకారం ఛానెల్‌కు సెకనుకు 50,000 బ్లాకులు. ఒక్కో బ్లాకుకు మీ లూపు కార్డులోని రెండు రిజిస్టర్లు (కార్డు స్థితిని చెప్పే చిన్న గదులు) చదువుతోంది, తర్వాత కాపీ చేస్తోంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద రిజిస్టర్‌లోకి రాయడం చవక, రాత వెళ్లిపోతుంది, కోర్ తన దారిన తాను పోతుంది. చదవడం అలా కాదు. అభ్యర్థన కార్డుదాకా వెళ్లి, జవాబు తిరిగి వచ్చేదాకా కోర్ ఉన్నచోటే ఆగిపోతుంది. సుమారు ఒక మైక్రోసెకను అనుకోండి, 3 గిగాహెర్ట్జ్ కోర్‌కు అది 3,000 సైకిళ్లు. రెండు రిజిస్టర్లకు రెండు మైక్రోసెకన్లు, కాపీకి ఒక అర అనుకుంటే బ్లాకుకు 2.5 మైక్రోసెకన్లు. రెండు ఛానెళ్లకు సెకనుకు లక్ష బ్లాకులు, అంటే ప్రతి సెకనులో పావు సెకను లాక్ మీ టాస్క్‌లెట్ చేతిలో ఉంటుంది. ఎనిమిది ఛానెళ్లకు నాలుగు లక్షల బ్లాకులు, అంటే ప్రతి సెకనులో ఒక పూర్తి సెకను. చదివే ప్రోగ్రాములకు మిగిలింది సున్నా. మీ యంత్రం హఠాత్తుగా కూలలేదు, కూడికల ప్రకారమే కూలింది.

ఈ పతనం నెమ్మదిగా రాదని కూడా గమనించండి. లాక్ సగం సమయం నిండి ఉంటే, ఎదురుచూపు సగటున ఒక పని కాలమంత. 80 శాతం నిండితే నాలుగింతలు, 90 శాతానికి తొమ్మిదింతలు. క్యూల సిద్ధాంతంలోని అతి సాధారణ నమూనా చెప్పేది ఇంతే. నిజం ఇంతకన్నా గజిబిజిగా ఉంటుంది గానీ గీత ఆకారం మాత్రం ఇదే. అందుకే ఐదు ఛానెళ్ల దాకా ఏమీ కాలేదని, ఆరో దాంతోనే ఏదో జరిగిందని మనకు అనిపిస్తుంది.

పదహారు కోర్లు ఉన్నాయి కదా, కెర్నెల్ స్పిన్‌లాకే తెలివిగా ఉండకూడదా అని అనుకోవచ్చు. అది ఇప్పటికే చాలా తెలివిగా ఉంది. ఒకప్పుడు ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల రకం) మీద స్పిన్‌లాక్‌కు వరుస అనేదే లేదు. ఎవరు ముందు లాక్కుంటే వారిదే, వదిలిన కోరే మళ్లీ తీసుకున్నా అడిగేవారు లేరు. 2008లో వచ్చిన 2.6.25 కెర్నెల్‌తో టికెట్ పద్ధతి వచ్చి, వచ్చిన వరుసలోనే లాక్ దక్కడం మొదలైంది. కానీ ఎదురుచూసే కోర్లన్నీ ఒకే మెమరీ స్థానాన్ని చూస్తూ ఉండటం వల్ల, లాక్ చేతులు మారిన ప్రతిసారీ ఆ స్థానం ఉన్న క్యాష్ లైన్ (కోర్లు తమ దగ్గర నకలు పెట్టుకునే మెమరీ ముక్క) కోసం అన్ని కోర్లూ ఎగబడేవి. 2015లో 4.2 కెర్నెల్‌తో క్యూ స్పిన్‌లాక్ వచ్చాక వరుసలో ఉన్న ఒక్కో కోరూ తన సొంత స్థానాన్ని చూసుకుంటూ నిలబడుతుంది. దాని మూలం 1991లో మెల్లర్-క్రమ్మీ, స్కాట్ అనే పరిశోధకులు రూపొందించిన పద్ధతి. ఇవన్నీ న్యాయాన్ని పెంచాయి, రొద తగ్గించాయి. ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చినంత మాత్రాన డాక్టరు చేతి వేగం పెరగదు కదా.

రీడర్-రైటర్ లాక్ సంగతీ ఇంతే. చదివేవాళ్లందరూ ఒకేసారి లోపలికి పోవచ్చు, నిజమే. కానీ లోపల ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టుకోవాలి, ఆ లెక్క ఒక మెమరీ స్థానంలో ఉంటుంది, లోపలికి వచ్చే ప్రతివాడూ అందులో రాయాల్సిందే. రాసిన ప్రతిసారీ ఆ క్యాష్ లైన్ కోర్ నుంచి కోర్‌కు ప్రయాణిస్తుంది. లోపల చేసే పని చిన్నదైతే ఆ ప్రయాణ ఖర్చే పెద్దది. పైగా మీ విషయంలో చదివే ప్రోగ్రాములు కూడా క్యూ నుంచి బ్లాకులు తీసేస్తున్నాయి, అంటే వారూ రాసేవారే. అరుదుగా మారే, తరచూ చదివే వివరాలకు, అంటే ఛానెల్ సెట్టింగులు, ఫిల్టర్ పట్టికల వంటివాటికి, ఆర్‌సీయూ (చదివేవారికి లాక్ అక్కర్లేకుండా చేసే పద్ధతి) వాడండి. దానికీ మీ ఇప్పటి సమస్యకూ సంబంధం లేదు.

మరి ఏం చేయాలి? ఆ లాక్ కాపాడుతున్నది ఏమిటో ఒక కాగితం మీద రాయమంటాను. ‘టాస్క్‌లెట్‌ను’ అని రాస్తే తప్పు, అది కోడ్. లాక్ కాపాడాల్సింది డేటాను. మీ కోడ్‌లో హార్డ్‌వేర్ రింగును తాకేది టాస్క్‌లెట్ ఒక్కటే. ఒక టాస్క్‌లెట్ ఒకేసారి రెండు కోర్ల మీద నడవదని కెర్నెలే హామీ ఇస్తుంది. అంటే రింగుకు అసలు లాక్ అక్కర్లేదు. రిజిస్టర్లు చదవడం, కాపీ చేయడం అన్నీ గడియ బయటే జరగాలి. నిజంగా ఇద్దరు తాకేది నిండిన బ్లాకుల జాబితా ఒక్కటే: టాస్క్‌లెట్ చేరుస్తుంది, చదివే ప్రోగ్రాము తీస్తుంది.

కాబట్టి టాస్క్‌లెట్ తన సొంత స్థానిక జాబితాలో 64 బ్లాకులు పోగుచేయనివ్వండి. అప్పుడు లాక్ తీసుకుని, ఆ జాబితాను మొత్తంగా ఉమ్మడి జాబితా చివర అతికించి, వెంటనే వదిలేయాలి. చదివేవైపు కూడా అంతే: లాక్ తీసుకో, ఉమ్మడి జాబితా మొత్తాన్ని నీ జాబితాలోకి తిప్పుకో, వదులు, ఆ తర్వాత తీరిగ్గా యూజర్ మెమరీలోకి కాపీ చేసుకో. కెర్నెల్‌లో లిస్ట్ స్ప్లైస్ ఇనిట్ అనే ఫంక్షన్ ఉన్నది ఇందుకే. జాబితాలో పది ఉన్నా పదివేలు ఉన్నా అది మార్చేది కొన్ని పాయింటర్లనే. మీ లెక్కలో పెట్టి చూడండి: నాలుగు లక్షల బ్లాకులను 64 చొప్పున కట్టలు కడితే టాస్క్‌లెట్ వైపు సెకనుకు 6,250 సార్లు లాక్ తీసుకుంటే చాలు, అదీ ప్రతిసారీ మైక్రోసెకనులో చిన్న భాగం పాటే. ఈ ఒక్క మార్పుతో ఐదో నంబరు కోర్ పేరు లాగ్‌లోంచి పోతుంది. కొత్త లాక్ ఒక్కటి కూడా పుట్టలేదని గమనించండి.

రిజిస్టర్లను కూడా వదిలించుకోవచ్చు. మంచి నెట్‌వర్క్ కార్డులు తాము ఎక్కడిదాకా రాశామో రిజిస్టర్ ద్వారా చెప్పవు. డిస్క్రిప్టర్‌లోనే (ఒక్కో బఫర్ వివరాలుండే చీటీ) ‘పూర్తయింది’ అనే బిట్‌ను డీఎంఏ ద్వారా, అంటే కోర్ ప్రమేయం లేకుండా, మెమరీలో రాస్తాయి. డ్రైవర్ ఆ బిట్ చూసి, ఒక డీఎంఏ రీడ్ బ్యారియర్ (చదివే వరుస తారుమారు కాకుండా చూసే ఆదేశం) వేసి, మిగతా డిస్క్రిప్టర్ చదువుతుంది. ఆ బ్యారియర్ మరిచిపోతే కొన్ని ఆర్మ్ యంత్రాల మీద నెలకోసారి చెత్త డేటా వస్తుంది, అప్పుడు దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. మీ కార్డు ఫర్మ్‌వేర్ మీ పక్క గదిలోనే రాస్తున్నారన్నారు కనుక ఈ సౌకర్యం అడగండి.

ఇదే చోట నా సొంత అజ్ఞానం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఇలాంటి లాకప్‌నే వెతుకుతూ, ఎవరు ఎప్పుడు లాక్ తీసుకుంటున్నారో చూద్దామని లాక్ లోపల ఒక ప్రింట్‌కే (కెర్నెల్ లాగ్‌లో సందేశం రాసే ఫంక్షన్) వరుస పెట్టాను. కన్సోల్ సీరియల్ పోర్టు మీద ఉంది, వేగం సెకనుకు 115200 బిట్లు. ఆ వేగానికి సెకనుకు 11,520 అక్షరాలు పోతాయి, 80 అక్షరాల వరుసకు దాదాపు 7 మిల్లీసెకన్లు. ఆ 7 మిల్లీసెకన్లూ గడియ వేసే ఉంది. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, అప్పటిదాకా గంటకోసారి వచ్చే లాకప్ నిమిషానికోసారి రావడం మొదలైంది. దగ్గరికి వచ్చేశామని సంబరపడి మరో రెండు వరుసలు చేర్చాను! ఆ రెండు రోజులు నా జీతంలోంచి కోయలేదు గానీ, కోయాల్సింది. ట్రేస్ ప్రింట్‌కే వాడండి, అది మెమరీలోని బఫర్‌లో రాసి ఊరుకుంటుంది.

ఇప్పుడు రెండో జబ్బు. లాక్ పని బాగైనా సున్నా నంబరు కోర్ ఆకలి తీరదు, ఎందుకంటే మీ లూపు షరతు ‘రింగ్ ఖాళీ అయ్యేదాకా’. మీరు తీసే వేగంతోనే కార్డు నింపుతూ ఉంటే ఆ రింగ్ ఎప్పటికీ ఖాళీ కాదు. నెట్‌వర్క్‌వాళ్లు ఈ పాఠం ముందే నేర్చుకున్నారు. 1996లో పరిశోధకులు జెఫ్రీ మోగల్, కె.కె. రామకృష్ణన్ దీన్ని వివరంగా చూపించారు: ప్యాకెట్లు ఒక హద్దు దాటి వస్తే, వాటిని అందుకోవడానికే యంత్రం కాలమంతా పోతుంది, అందుకున్నవాటిని పైకి పంపడానికి తీరిక ఉండదు, చివరికి జరిగిన ఉపయోగకరమైన పని సున్నా. లైనక్స్ నెట్‌వర్క్ డ్రైవర్లు వాడే నేపీ పద్ధతి అదే దారిలోది. మొదటి ఇంటరప్ట్ రాగానే ఆ ఇంటరప్టును మూసేస్తారు, తర్వాత పోల్ చేస్తారు (డేటా ఉందా అని తామే వెళ్లి చూస్తారు), ఒక్కో విడతకు మామూలుగా 64 ప్యాకెట్లే కోటా. ఆ కోర్ మీది నేపీ వంతులన్నీ కలిపి 300 ప్యాకెట్లు దాటితే, లేదా కేటాయించిన కాలం అయిపోతే, మిగిలింది తర్వాతి విడతకు. టాస్క్‌లెట్ల వంటి వాయిదా పనులను నడిపే సాఫ్ట్‌ఐఆర్‌క్యూ యంత్రాంగం కూడా దాదాపు రెండు మిల్లీసెకన్లు, లేదా పది చుట్లు అయ్యాక మిగతా పనిని కేసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ అనే కెర్నెల్ థ్రెడ్‌కు అప్పగిస్తుంది. అది మామూలు ప్రాధాన్యంతో నడిచే పని, షెడ్యూలర్ మాట వింటుంది. కానీ ఈ కాపలా అంతా ఒక హ్యాండ్లర్ తిరిగి వచ్చాకే పనిచేస్తుంది. మీ టాస్క్‌లెట్ అసలు తిరిగి రావడం లేదు.

అందువల్ల లూపుకు కోటా పెట్టండి. ఆ తర్వాత టాస్క్‌లెట్‌కే సెలవు చెప్పండి. కొత్త కోడ్‌లో దాన్ని వాడవద్దని కెర్నెల్‌వాళ్లు చాలాకాలంగా అంటున్నారు, 2024లో 6.9 కెర్నెల్‌తో దాని చోటు కోసం బీహెచ్ వర్క్‌క్యూలు కూడా వచ్చాయి (వర్క్‌క్యూ అంటే వాయిదా పనులను వరుసగా నడిపే ఏర్పాటు). మీ కార్డుకు నేనైతే థ్రెడెడ్ ఇంటరప్ట్ వాడతాను. అసలు హ్యాండ్లర్ ‘ఇది మా కార్డుదేనా’ అని చూసి, కార్డు ఇంటరప్టును మూసి, థ్రెడ్‌ను లేపి వెళ్లిపోతుంది. బరువు పనంతా థ్రెడ్‌లో.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను కనుక చెబుతున్నాను. ఇంటరప్ట్ థ్రెడ్లు మామూలు పనులు కావు, మామూలు పనులకన్నా ముందు నడిచే రియల్‌టైమ్ ఫైఫో తరగతిలో 50 ప్రాధాన్యంతో నడుస్తాయి. అందులో అంతులేని లూపు పెట్టి, మధ్యలో కాండ్ రీషెడ్ (అవసరమైతే కోర్‌ను వేరే పనికి వదిలే ఫంక్షన్) పిలిచాను కదా అని ధైర్యంగా ఉంటే లాభం లేదు. ఆ పిలుపు మీకన్నా ఎక్కువ ప్రాధాన్యం ఉన్నవాడికే దారి ఇస్తుంది, పాపం కింద ఉన్న మామూలు ప్రోగ్రాముకు కాదు. కోటా దాటాక కూడా డేటా మిగిలితే, ఆ మిగులును మామూలు ప్రాధాన్యం గల వర్క్‌క్యూకు అప్పగించండి, అది ముగిశాకే కార్డు ఇంటరప్టును తిరిగి తెరవండి. ఏ కోర్‌కూ కట్టుబడని వర్క్‌క్యూ తీసుకోండి, లేకపోతే పని చుట్టూ తిరిగి మళ్లీ సున్నా నంబరు కోర్ నెత్తికే వస్తుంది. స్పిన్‌లాక్ పట్టుకుని కాండ్ రీషెడ్ పిలవడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. ప్రతి జట్టులో ఒకరైనా ప్రయత్నిస్తారు.

చదివే ప్రోగ్రాము నిజంగానే వెనకబడితే ఏమిటన్నది కూడా ఇప్పుడే నిర్ణయించుకోండి. పారేయక తప్పనప్పుడు ఎంత ముందు పారేస్తే అంత మంచిది. రింగులో ఖాళీ బఫర్లు తిరిగి నింపకుండా ఆపేస్తే కార్డే పారేస్తుంది, మీ కోర్ ఒక్క సైకిలు కూడా ఖర్చు పెట్టదు. కాపీ చేసి, జాబితాలో చేర్చి, ఆ తర్వాత జాగా లేదని పారేయడం అన్నం వండి నేలపాలు చేయడమే.

ఇంతదాకా చేశాక కూడా ఒక కోర్ సరిపోకపోతే, అప్పుడు పని పంచండి. మీ కార్డు ఎంఎస్‌ఐ-ఎక్స్‌ను (ఒకే కార్డు చాలా వేర్వేరు ఇంటరప్టులు పంపగల పద్ధతి) సమర్థిస్తుందన్నారు, అయినా ఒక్క వెక్టారే, అంటే ఒక్క ఇంటరప్టే, అడిగారు. ఛానెల్‌కొకటి అడగండి, వాటిని కోర్ల మీద పరచమని కెర్నెల్‌కే చెప్పండి. అలా చెబితే ఆ ఇంటరప్టులను యంత్రం నడిపేవారు తర్వాత చేత్తో మరో కోర్‌కు మార్చలేరు, అది తెలిసే చేయండి. డిస్కుల లోకం నడిచిన దారి కూడా ఇదే. సాటా డిస్కుల ప్రమాణం ఏహెచ్‌సీఐలో ఒక పోర్టుకు ఒకే వరుస, 32 ఆదేశాలు. వేగమైన ఎస్‌ఎస్‌డీల ఎన్‌వీఎంఈ ప్రమాణం 65,535 ఐఓ క్యూల దాకా అనుమతిస్తుంది. హార్డ్‌వేర్ అంత విశాలమయ్యాక కూడా లైనక్స్ బ్లాక్ పొరలో (డిస్కుల పని చూసే భాగం) డిస్కుకొక లాక్ మిగిలి ఉండేది. 2014 జనవరిలో వచ్చిన 3.13తో బహుళ క్యూల పద్ధతి మొదలైంది, పాత దారిని పూర్తిగా తీసేసింది 2019లో 5.0 వచ్చినప్పుడే. మొత్తం కెర్నెల్‌కు ఒకే పెద్ద లాక్ ఉన్న రోజులూ ఉన్నాయి: 1996లో 2.0తో వచ్చిన ఆ బిగ్ కెర్నెల్ లాక్ చివరి ఆనవాలు పోవడానికి 2011లో 2.6.39 దాకా పట్టింది. పెద్ద లాక్ పెట్టడం ఒక మధ్యాహ్నం పని. తీయడం అలా కాదు.

ఛానెల్‌కొక లాక్ పెట్టేటప్పుడు ఎనిమిది లాక్‌లను ఒక శ్రేణిగా పక్కపక్కన పెట్టకండి. డీబగ్ ఎంపికలు లేని ఎక్స్86 కెర్నెల్‌లో స్పిన్‌లాక్ పరిమాణం 4 బైట్లు, క్యాష్ లైన్ 64 బైట్లు. మీ ఎనిమిది లాక్‌లూ ఒకే లైన్‌లో ఇమిడిపోతాయి, పేరుకు వేరు కాపురాలు, వంటిల్లు మాత్రం ఒకటే. ఛానెల్ స్ట్రక్చర్‌లోనే దాని లాక్‌ను పెట్టి, ఆ స్ట్రక్చర్‌ను క్యాష్ లైన్ హద్దుకు అమర్చండి. మొత్తం బ్లాకులు ఎన్ని వచ్చాయో లెక్కించే ఆ ఒక్క ఉమ్మడి అటామిక్ కౌంటర్‌ను (లాక్ లేకుండానే లెక్క తప్పకుండా అన్ని కోర్లూ పెంచగల సంఖ్య) కూడా కోర్‌కొకటిగా విడదీయండి. చూడటానికి అమాయకంగా ఉంటుంది గానీ సెకనుకు నాలుగు లక్షల సార్లు కోర్ల మధ్య బంతిలా తిరిగేది అదే.

థ్రెడ్‌కు మారాక ఏ రకం లాక్ అన్నది మళ్లీ చూసుకోండి. హార్డ్ ఇంటరప్ట్ హ్యాండ్లర్ ఆ లాక్‌ను తాకకపోతే ఇంటరప్టులు మూసే రకం అక్కర్లేదు. రెండువైపులా నిద్రపోగల సందర్భమే అయితే మ్యూటెక్స్ (దొరక్కపోతే అడిగిన పని నిద్రపోయే లాక్) చాలు. దాన్ని నెమ్మది అనుకుంటారు గానీ, పట్టుకున్నవాడు మరో కోర్ మీద నడుస్తూ ఉంటే అది కూడా నిద్రపోకుండా కాసేపు తిరుగుతూ చూస్తుంది. ట్రైలాక్‌ను (లాక్ ఖాళీగా ఉంటేనే తీసుకుని, లేకపోతే ఆగకుండా వెనక్కి వచ్చే ఫంక్షన్) లూపులో పెట్టి సొంతంగా స్పిన్‌లాక్ తయారుచేయకండి, వరుస న్యాయమంతా అక్కడితో పోతుంది. 2024లో 6.12తో రియల్‌టైమ్ ప్రీఎంప్షన్ (అత్యవసర పని కోసం కెర్నెల్ పనిని కూడా మధ్యలో ఆపగల ఎంపిక) ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చింది. ఆ ఎంపికతో కట్టిన కెర్నెల్‌లో మామూలు స్పిన్‌లాక్ నిద్రపోగలదు. అక్కడ హెచ్చరిక వచ్చిందని లాక్‌ను రా స్పిన్‌లాక్‌గా (ఎప్పుడూ నిద్రపోని రకం) మార్చి నోరు మూయించకండి.

క్రమం నేను చెప్పినట్టే పాటించండి. లాక్‌ను ముక్కలు చేయడం అన్నిటికన్నా చివర. అందరూ దానితోనే మొదలుపెడతారు, వారం తిరిగేసరికి రెండు లాక్‌లను రెండు చోట్ల వేర్వేరు వరుసలో తీసుకుని డెడ్‌లాక్ (ఒకరి కోసం ఒకరు ఎప్పటికీ ఎదురుచూడటం) కొనితెచ్చుకుంటారు. ముక్కలు చేసేముందు లాక్‌డెప్ (లాక్‌లు తీసుకునే వరుసను తనిఖీ చేసే ఎంపిక) ఉన్న కెర్నెల్ కట్టి, పరీక్షలన్నీ ఒకసారి దాని మీద నడపండి. డెడ్‌లాక్ నిజంగా జరగకపోయినా వరుస తప్పితే చాలు, అది చెప్పేస్తుంది. ఆ కెర్నెల్ మీద వేగం మాత్రం కొలవకండి.

కొలతకు, లాక్‌ల గణాంకాలు రాసే లాక్ స్టాట్ ఎంపికతో మరో కెర్నెల్ కట్టి, ఎనిమిది ఛానెళ్లతో పది నిమిషాలు నడిపి, ప్రాక్ (కెర్నెల్ వివరాలుండే ఫోల్డరు) కింద వచ్చే ఆ ఫైలులో మీ లాక్ వరుసలను ఇక్కడ పెట్టండి. అత్యధిక పట్టు కాలం, అత్యధిక ఎదురుచూపు కాలం, ఈ రెండు అంకెలు చూస్తే చాలు, గడియ లోపల ఇంకా ఎవరైనా పేపరు చదువుతూ కూర్చున్నారో లేదో చెబుతాను. దాంతోపాటు ఇంటరప్టుల ఫైలులో మీ కార్డు వరుస కూడా కావాలి.